బేచ్ అంటే వియన్నా

పల్చగా కొట్టిన మాంసపు ముక్కకు రొట్టెపొడి అద్ది నూనెలో వేయించే వంటకం హంగేరీ హోటళ్లలో 'బేచి సెలెత్' పేరుతో దొరుకుతుంది. వియన్నా ముక్క అని అర్థం. ఆస్ట్రియన్లు 'వీన్' అని పిలుచుకునే తమ రాజధాని హంగేరియన్లకు 'బేచ్'. సెర్బులు, క్రొయేషియన్లు కూడా ఆ పేరే వాడతారు.

ఇలాంటి పేర్ల వెనక వెయ్యేళ్ల ఇరుగుపొరుగు ఉంది. 895 ప్రాంతంలో హంగేరియన్ల పూర్వీకులైన మాజర్ తెగలు కార్పేతియన్ కొండల నడుమ స్థిరపడేనాటికే అక్కడ స్లావులున్నారు. పొరుగు జాతుల పేర్లు కొన్ని వాళ్ల నుంచే వచ్చాయి. జర్మనీని హంగేరియన్‌లో 'నేమెతొర్సాగ్' అంటారు. 'ఒర్సాగ్' అంటే దేశం. 'నేమెత్'కు మూలమైన స్లావ్ మాటకు మూగ అనే పదంతో చుట్టరికం ఉంది. మన మాట రానివాళ్లన్న భావం అది. లాటిన్ సంతతి భాషలవాళ్లను స్లావులు పిలిచిన పేరు నుంచి ఇటలీ 'ఒలసొర్సాగ్' అయింది.

కొన్ని పేర్లలో పలుకు వేరైనా అర్థం ఒకటే. సెర్బియా రాజధాని బెల్‌గ్రేడ్ అంటే తెల్లకోట. పాత హంగేరియన్‌లో అది 'నాండొర్‌ఫెహేర్వార్'. 'ఫెహేర్' తెలుపు, 'వార్' కోట. 1456లో హంగేరీ సేనాని యానోష్ హున్యాది ఒట్టోమన్ సేనలను తిప్పికొట్టింది అక్కడే. ఇవాళ వాడుకలో 'బెల్‌గ్రాద్' అనే అంటారు. పాత పేరు ఆ యుద్ధం ప్రస్తావనలో వినబడుతుంది. రొమేనియాలోని తుర్గు మురేష్‌ను హంగేరియన్లు 'మరోష్‌వాషార్‌హెయ్' అంటారు. రెండు పేర్లలోనూ ఉన్నవి మురేష్ నది, దాని ఒడ్డున జరిగిన సంత.

సరిహద్దులు మారిన చోట ఈ పేర్లు బరువెక్కాయి. నేటి స్లొవాకియా రాజధాని బ్రాటిస్లావా హంగేరియన్లకు 'పొజోన్'. 1563 నుంచి 1830 దాకా హంగేరీ రాజులకు పట్టాభిషేకాలు జరిగిన నగరమది. బ్రాటిస్లావా అన్న పేరు 1919లో అధికారికమైంది. 1920 జూన్ 4న ట్రియనాన్ ఒప్పందంతో హంగేరీ మూడింట రెండు వంతుల నేలను కోల్పోయింది. క్లుజ్ నగరం రొమేనియాకు వెళ్లింది. అక్కడి హంగేరియన్ల ఇళ్లలో మాత్రం అది నేటికీ 'కొలొజ్వార్' గానే ఉంది. ఆ పేరు వింటే పోయిన నేలను తిరిగి అడుగుతున్నారని పొరుగువాళ్లకు అనుమానం రావచ్చు. కానీ నాయనమ్మ నోట విన్న ఊరిపేరును పలకడం ఆ ఊరిపై దావా వేయడం కాదు. మైనారిటీ జనాభా 20 శాతం దాటిన ఊళ్లలో ఆ భాషలోనూ ఊరిపేరు రాయాలని 2001 నాటి రొమేనియా చట్టం చెప్పింది.

పొరుగు ఊరికి సొంత పేరు పెట్టుకోవడం ఒకవైపుదే కాదు. హంగేరీలోని పేచ్ నగరాన్ని జర్మన్లు 'ఫ్యున్ఫ్‌కిర్షెన్' అంటారు, అంటే అయిదు చర్చిలు. స్లొవాకులు పెట్టుకున్న పేరుకూ అదే అర్థం. ఆస్ట్రియా సరిహద్దులోని షోప్రోన్ ఆస్ట్రియన్లకు 'ఓడెన్‌బుర్గ్'.

మనకూ ఇలాంటి పేరొకటి ఉంది. 1996లో మద్రాసు పేరు అధికారికంగా చెన్నైగా మారింది. అంతకు ఎంతో ముందు నుంచీ తెలుగువాళ్లకు అది చెన్నపట్నం. చదువుకీ, అచ్చు పనికీ, సినిమాకీ తరాలుగా వెళ్లొచ్చినవాళ్లు నిలబెట్టిన పేరది. రాకపోకలున్న ఊరికే ఇంట్లో పిలుచుకునే పేరు దక్కుతుంది. బేచ్ కూడా అలా దక్కించుకున్నదే.