సౌష్ఠవమునకు పరీక్ష

వామావర్త శంఖము నద్దమున జూచినచో దక్షిణావర్తముగా గనుపట్టును. దక్షిణావర్త శంఖము కడు నరుదే గాని యసంభవము గాదు. అట్లే ప్రకృతిలోని ప్రతి క్రియకును దాని ప్రతిబింబము సైతము సంభవమేయని శాస్త్రజ్ఞులు చిరకాలము నమ్మిరి. ఈ గుణమునకే సౌష్ఠవమని పేరు.

ఈ శాస్త్రమునకు మన కృష్ణాతీరముతో సంబంధము గలదు. నాటి కృష్ణా మండలములోని ఆగిరిపల్లిలో 1909లో జన్మించిన సూరి భగవంతముగారు వాల్తేరున ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో నాచార్యులై, టి. వెంకటరాయుడుగారితో గలసి 1948లో సమూహ సిద్ధాంతమును గూర్చి గ్రంథము వెలువరించిరి. స్ఫటికములో పరమాణువుల యమరికను బట్టి దాని ధర్మములలో నేవి సంభవములో, నేవి గావో గణితమున నిర్ణయించు మార్గమును వారు చూపిరి.

స్ఫటికముల మాట యట్లుండ, ప్రకృతి నియమములే సౌష్ఠవమును పాటించునా? కేంద్రకము ఎలక్ట్రానును వెలువరించు క్రియయం దీ విశ్వాసము పరీక్షింపబడనే లేదని 1956లో లీ, యాంగ్ అను పండితులు చూపిరి. వూ అను విదుషి సహచరులతో గూడి, స్ఫటికమునందలి కోబాల్టు కేంద్రకములను మిక్కిలి శీతలపరచి యొక దిక్కునకు నిలిపి పరీక్షింపగా, ఎలక్ట్రానులు రెండుదిక్కులకును సమముగా వెలువడలేదు. 1957లో నోబెల్ బహుమానము లీ, యాంగులకు లభించెను; పరీక్ష నడపిన యామెకు లభింపలేదు. 1964లో క్రోనిన్, ఫిచ్ గార్లు మెసాను కణములయందు మరియొక సౌష్ఠవభంగమును గనుగొనిరి.

ఇప్పు డన్వేషించునది కేంద్రకములో కాలసౌష్ఠవభంగము. కొన్ని కేంద్రకములు గుండ్రముగా నుండక, సొరబుర్రవలె నొకకొన సన్నముగను, నొకకొన లావుగను ఉండును. రేడియము-224 అట్టిదని 2013లో సెర్న్ ప్రయోగశాలలో నిరూపింపబడెను. కాలము వెనుకకు నడచినచో కేంద్రకభ్రమణము తలక్రిందులగును; బుర్ర యాకారము మాఱదు. కావున భ్రమణమున కొక కొనపై పక్షపాత మున్నచో కాలసౌష్ఠవము భగ్నమైనట్లే. యూరోపియము-153 కేంద్రకములను స్ఫటికమున బొదిగి యీ పక్షపాతమును వెదకవచ్చునని టొరాంటో పండితులు 2023లో ప్రతిపాదించిరి. స్ఫటికమున కేంద్రకములు కోట్లకొలది యొక్కచో నిలిచియుండును. లోపలి విద్యుద్బలము వానిపై బనిచేయును. అయితే ఇరుప్రక్కల సమముగా నున్న స్థానమున ఫలము శూన్యమగును; అసమమైన స్థానమునే యెన్నుకొనవలెను. ఏ స్థాన మెట్టిదో చెప్పునది సౌష్ఠవ గణితమే.

ప్రపంచమున ద్రవ్యము మిగిలి ప్రతిద్రవ్య మేల నశించెనను ప్రశ్నకు సమాధాన మిందు దొరకునేమో యను నాశ గలదు. కేంద్రకములలో నట్టి భంగ మింతవరకు గానరాలేదు. అయినను వెదకుట వ్యర్థముగాదు. ఎంత సుందరమైన విశ్వాసమైనను పరీక్షకు లోబడవలసినదే. పరీక్షకు నిలిచిన విశ్వాసమునే మన బిడ్డలకు జ్ఞానమని యందింపగలము.