రైలుస్టేషన్ ఎదుట ఆదివాసీ చరిత్ర: రెడ్‌ఫర్న్ కుడ్యచిత్రం - వెలుగు, ప్రదర్శన

బహిరంగ స్థలంలోని చిత్రాన్ని చరిత్రకు ఆకరంగా స్వీకరించినప్పుడు, అందులో ఏమున్నదన్న ప్రశ్నతో పాటు, అది ఎవరికి, ఏ వెలుగులో కనిపిస్తున్నదన్న ప్రశ్న కూడా ముఖ్యమవుతుంది. సిడ్నీలో రెడ్‌ఫర్న్ రైలుస్టేషన్ ఎదుట, లాసన్ వీధి వంతెన గోడపై 1983లో రూపొందిన కుడ్యచిత్రం ఇందుకు తగిన నిదర్శనం.

రెడ్‌ఫర్న్ గాడిగల్ జనుల నేల. 20వ శతాబ్దంలో గ్రామీణ ప్రాంతాల నుంచి, ప్రభుత్వ రిజర్వుల నుంచి వచ్చిన ఆదివాసులు పలువురు ఇక్కడ స్థిరపడ్డారు. సమీపంలోని ఈవ్‌లీ రైల్వే కర్మాగారం వారిలో అనేకులకు ఉపాధి కల్పించింది. 1970లో ఆదివాసీ న్యాయసహాయ సంస్థ, 1971లో వైద్యసేవా సంస్థ ఇక్కడే వెలిశాయి. కనుక ఈ చిత్రం స్టేషన్‌కు అలంకారం కాదు. రైలుతో ముడిపడిన ఒక సమాజం తన ఉనికిని చాటుకున్న ప్రకటన.

కరోల్ రఫ్ ఆదివాసీ కళాకారులతో కలిసి దీనిని చిత్రించారు. గోడపైని 40,000 ఏళ్ల ప్రస్తావన నాటి పురావస్తు అవగాహనకు అనుగుణమైనది. మాజెడ్‌బేబే శిలాశ్రయంపై 2017లో వెలువడిన పరిశోధన ఆ కాలాన్ని సుమారు 65,000 ఏళ్లకు జరిపింది. అయినా గోడపైని అంకెను దిద్దనవసరం లేదు. శాసనంలోని తేదీ వలె అది తన కాలానికి సాక్ష్యం.

ఇటువంటి చిత్రానికి ఎండే తొలి శత్రువు. అతినీలలోహిత కిరణాలు రంగులను వెలవెలబోయేటట్లు చేస్తాయి. ఈ చిత్రం కూడా కాలక్రమంలో వెలిసి, పునరుద్ధరణకు నోచుకున్నది. రాత్రివేళ సమస్య వేరు. స్టేషన్ దీపాలు ప్రయాణికుల భద్రత కోసం నేలను వెలిగిస్తాయి, గోడను కాదు. గోడకు ప్రత్యేకంగా దీపాలు అమర్చినా, ఎరుపును సరిగా చూపని దీపం కింద జేగురు రంగు మట్టి రంగుగా మారుతుంది. గోడకు మరీ దగ్గరగా, పక్కనుంచి పడే కాంతి బొమ్మకన్నా పగుళ్లనే ఎత్తిచూపుతుంది. పట్టాలవైపు చిమ్మే వెలుగు రైలు నడిపేవారి చూపునకు అడ్డు.

అయితే ఇది కేవలం సాంకేతిక విషయం కాదు. అనేక ఆదివాసీ సమాజాలలో మరణించినవారి రూపాలను ప్రదర్శించడానికి సంప్రదాయ నియమాలు, కుటుంబ అనుమతులు అవసరం. కనుక ఏ ముఖంపై వెలుగు పడాలన్నది విద్యుత్ ఇంజనీరు ఒక్కడే తేల్చవలసిన అంశం కాదు. ఆ నిర్ణయంలో ఆ సమాజానికి పాత్ర లేకపోతే, ఎంత చక్కగా వెలిగించినా ఆ గోడ నగరానికి అలంకారంగా మిగులుతుందే తప్ప, వారి చరిత్రగా నిలవదు.