రిటర్నుల లెక్కలో ఎక్స్‌మెన్

1970 మార్చి తేదీతో 66వ సంచిక వెలువడ్డాక అమెరికాలో ‘ది ఎక్స్‌మెన్’ కామిక్ ఆగిపోయింది. తొమ్మిది నెలలు పోయాక, డిసెంబరు తేదీతో 67వ సంచిక మళ్లీ స్టాళ్లలో కనబడింది. విప్పి చూస్తే లోపల 1965 నాటి కథలు. 1975 ఏప్రిల్‌లో 93వ సంచిక వచ్చేదాకా అదే తంతు. 27 సంచికలు అచ్చయ్యాయి, వాటిలో కొత్త కథ ఒక్కటీ లేదు.

సినిమాలు చూసి ఎక్స్‌మెన్‌ని ఎరిగినవాళ్లకి ఈ సంగతి చెబితే నమ్మరు. ఈ పత్రిక చరిత్ర చెప్పేవాళ్లు కూడా దీన్ని పుట్టించిన స్టాన్ లీ, జాక్ కర్బీల దగ్గర మొదలుపెట్టి ఒక్క గంతులో వుల్వరిన్ దగ్గర తేలతారు. నాకేమో మధ్యలో ఈ అయిదేళ్ల మీదే గురి. నేను విజయవాడలో ఒక వారపత్రిక సర్క్యులేషన్ సెక్షన్‌లో పనిచేసి రిటైరయ్యాను. ఎడిటోరియల్ వాళ్లది మేడ మీద గది, మాది కింద పార్సిళ్ల పక్కన. ఏ సీరియల్ బాగుందో పైవాళ్లు వాదించుకునేవాళ్లు. ఏ ఊరి ఏజెంటు ఎన్ని కాపీలు వెనక్కి పంపాడో మాకు తెలిసేది. సీరియల్ బతకాలా చావాలా అన్నది చివరికి మా కాగితాల్లోనే తేలేది, పైకి మాత్రం ఎవరూ ఒప్పుకునేవాళ్లు కాదు.

డాలస్‌లో ఉంటున్న మా మేనల్లుడికి ఈ కామిక్స్ పిచ్చి. వాడి ఇంట్లో ఒక గది నిండా అట్టపెట్టెలే. వాడు కథలు చెప్పుకుపోతుంటే నేను కవరు మీద ధర, మూలనున్న గుర్తులు, ఏడాదికోసారి చిన్నచ్చులో వేసే పోస్టల్ డిక్లరేషన్ చూస్తూ కూర్చున్నాను. మన పత్రికలు ఏటా మార్చిలో వేసే ఫారం 4 వంటిదే అది. కాకపోతే అక్కడ యజమాని ఎవరో చెబితే సరిపోదు. సగటున ఎన్ని కాపీలు అచ్చేశారు, ఎన్ని అమ్మారు, ఎన్ని మిగిలాయి అన్నది కూడా పాఠకుడి ముందు పెట్టాలి. కథల పుస్తకంలో నాకు దొరికిన మొదటి మంచి కథ అదే.

అసలు ఎక్స్‌మెన్ మొదటినుంచీ పంపిణీ దయ మీద బతికిన పత్రిక. దాన్ని వేసిన మార్వెల్ కంపెనీ యజమాని మార్టిన్ గుడ్‌మన్ 1956 చివర్లో తన సొంత పంపిణీ వ్యవస్థ మూసేసి అమెరికన్ న్యూస్ కంపెనీకి సరుకు అప్పగించాడు. కొద్ది నెలల్లోనే ఆ కంపెనీ కూలిపోయింది. ఇక గతిలేక ఇండిపెండెంట్ న్యూస్ గుమ్మం ఎక్కాడు. అది ఎవరిదో కాదు, సూపర్‌మ్యాన్, బ్యాట్‌మ్యాన్ వేసే ప్రత్యర్థిదే. నెలకి ఎనిమిది పత్రికలకి మించి మోయబోమని వాళ్లు షరతు పెట్టారు. పోటీవాడి సరుకు తన లారీలో ఎక్కించుకునేవాడు అంతకన్నా ఉదారంగా ఉంటాడని ఎలా అనుకుంటాం? ఆ ఎనిమిదిలోనే మార్వెల్ సర్దుకోవలసి వచ్చింది. ఒక్కో పత్రికని రెండు నెలలకోసారి వేస్తే ఎనిమిది స్థానాల్లో పదహారు ఇరుకుతాయి. తర్వాత ఆ పరిమితి కొంచెం కొంచెంగా సడలింది కానీ, 1963 సెప్టెంబరు తేదీతో 12 సెంట్లకి మొదలైన ఎక్స్‌మెన్ మాత్రం 1965 చివరిదాకా రెండు నెలల పత్రికే. ‘అవెంజర్స్’ మొదటి సంచిక కూడా అదే రోజున స్టాళ్లకి వచ్చింది. రెండింటిలో ఎక్స్‌మెన్ బలహీనమైన బిడ్డ.

సెప్టెంబరు అని వేసినా అది అమ్మకానికి వచ్చింది జులై మొదట్లో. మన వారపత్రికలు తేదీకి ముందే బజారుకి వచ్చినట్టే. తేదీ దాటిన పుస్తకాన్ని కొట్టువాడు స్టాండు మీంచి తీసేస్తాడు కాబట్టి తేదీని ముందుకి జరపడం ఈ వ్యాపారంలో అందరూ చేసే పనే. కవరు ఎడమ మూలన హీరోల బొమ్మలున్న చిన్న డబ్బా కూడా అలాంటిదే. ఒకదాని మీద ఒకటి పేర్చినప్పుడు ఆ మూల ఒక్కటే బయటికి కనబడుతుందని స్టీవ్ డిట్కో ఇచ్చిన సలహా అది. బొమ్మలు గీసే మనిషికి స్టాండు సంగతి పట్టడం అరుదు. ఆ సలహా చదివినప్పటినుంచి ఆయనంటే నాకు గౌరవం.

కర్బీ 17వ సంచికతో, స్టాన్ లీ 19తో తప్పుకున్నారు. రాయ్ థామస్ రాశాడు, వెర్నర్ రాత్ గీశాడు, స్టెరాంకో 50వ సంచికకి కొత్త లోగో గీసిపెట్టాడు. పేరు పెరిగింది తప్ప అమ్మకం పెరగలేదు. 1969లో నీల్ ఆడమ్స్ చేతికి వచ్చాక బొమ్మల తీరే మారిపోయింది. పేజీని నాలుగు గళ్లుగా కోసే అలవాటు వదిలి పలకల్ని ఏటవాలుగా విరగ్గొట్టాడు. అయినా 66తో మూతపడింది.

ఇక్కడే మా సెక్షన్ వాళ్లకి తెలిసిన సంగతి ఒకటుంది. స్టాళ్ల మీద అమ్మే పత్రికకి అసలు లెక్క తేలాలంటే నెలలు పడుతుంది. సరుకు వెళ్లాలి, కొన్నాళ్లు ఉండాలి, మిగిలినది లెక్కకి రావాలి. అమెరికాలో మిగిలిన కాపీలని మోసుకొచ్చే ఖర్చు ఎందుకని కవరు పైభాగం చింపి పంపితే చాలనేవారు. తర్వాత అదీ పోయి, ఇన్ని నాశనం చేశామని కాగితం రాసిస్తే సరేనన్నారు. ఆ కాగితం నమ్మదగిందేనా అన్నది వేరే మాట. మంచి సంచికల్ని దొడ్డిదారిన కలెక్టర్లకి అమ్మేసి ‘మిగిలాయి’ అని రాసిచ్చిన హోల్‌సేలర్ల గురించి అక్కడి కామిక్స్ వాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. కాబట్టి ఆడమ్స్ బొమ్మలు జనానికి నచ్చాయా లేదా అన్నది సరిగా తేలకముందే పత్రిక మీద తీర్పు పడిపోయింది.

మరి చంపేసిన పత్రికకి పాత కథలతో ఊపిరి ఎందుకు పోశారు? దానికి భావుకత ఏమీ అక్కర్లేదు. అప్పట్లో పాత కథ మళ్లీ వేస్తే రచయితకి గానీ చిత్రకారుడికి గానీ డబ్బిచ్చే ఆనవాయితీ లేదు. ఖర్చల్లా కాగితం, అచ్చు. దానికితోడు స్టాండు మీద ఒక చోటు చేతిలో ఉంటుంది. ఖాళీ వదిలితే పక్కవాడు ఎక్కి కూర్చుంటాడు. పేరు బతికుంటుంది. మా పత్రికలోనూ కొత్త సీరియల్ దొరకని నెలల్లో పాతది తీసి వేసేవాళ్లు, ‘పాఠకుల కోరికపై’ అని పైన ఒక ముక్క తగిలించి.

1975లో మళ్లీ ప్రాణం పోసిన ఆలోచన కూడా రచయితది కాదు. అప్పటి మార్వెల్ అధ్యక్షుడు ఆల్ లాండావ్‌కి విదేశాలకి హక్కులమ్మే వ్యాపారంలో అనుభవం. రకరకాల దేశాల హీరోలతో ఒక జట్టు కడితే ఆయా దేశాల్లో అమ్ముకోవచ్చు కదా అన్నాడు. రాయ్ థామస్ అది పట్టుకున్నాడు. లెన్ వీన్ రాశాడు, డేవ్ కాక్రమ్ గీశాడు. 50 సెంట్ల ‘జెయింట్ సైజ్ ఎక్స్‌మెన్’ మొదటి సంచిక వచ్చింది. అందులో జట్టు చూడండి: జర్మనీ నుంచి నైట్‌క్రాలర్, కెన్యా నుంచి స్టార్మ్, సోవియట్ యూనియన్ నుంచి కొలోసస్, కెనడా నుంచి వుల్వరిన్, జపాన్ నుంచి సన్‌ఫైర్, ఐర్లండ్ నుంచి బాన్షీ, అపాచీ తెగ నుంచి థండర్‌బర్డ్. బ్రెజ్నెవ్ కాలపు మాస్కోలో మార్వెల్ కామిక్ ఎవడు కొంటాడు? అమ్మకం కోసమని పుట్టిన ఆలోచన రచయితల చేతుల్లో పడి దారి తప్పింది. తప్పడమే మంచిదైంది.

మూడు నెలలకోసారి లావుపాటి పుస్తకంగా నడుపుదామనుకున్నారు. అది కుదరక, రెండో లావు పుస్తకానికి సిద్ధం చేసిన కథని రెండు ముక్కలు చేసి 94, 95 సంచికలుగా వేశారు. అలా పాత కథల వరసలోనే, అంకె మారకుండా, కొత్త ఎక్స్‌మెన్ నడక మొదలైంది. లెన్ వీన్‌కి తీరిక లేక ఆ పని క్రిస్ క్లేర్‌మాంట్ అనే పాతికేళ్ల కుర్రాడికి అప్పగించాడు. రెండు నెలలకోసారి వచ్చే ఆ చిన్న పత్రికని అతనికివ్వడానికి ఎవరికీ అభ్యంతరం లేకపోయింది. 94 నుంచి 1991లో 279 దాకా అతనే రాశాడు.

మేనల్లుడి పెట్టెలో 98, 99, 100 సంచికలు రెండేసి ఉన్నాయి. లోపల అక్షరం తేడా లేదు. ఒకదాని మీద 25 సెంట్లు, రెండోదాని మీద 30. 1976 వేసవి ముందూ వెనకా ధర పెంచితే జనం ఏమంటారోనని మార్వెల్ కొన్ని ప్రాంతాలకి మాత్రం 30 సెంట్ల కవరుతో పంపి చూసింది. ఇప్పుడు ఆ అయిదు సెంట్ల తేడా ఉన్న కాపీకి మామూలు కాపీకన్నా ఎన్నో రెట్లు ధర. “అత్తయ్యా, జాగ్రత్త” అంటూ వాడు నా చేతిలోంచి తీసుకున్నాడు.

కథ ఎలా పుంజుకుందో చెప్పాలంటే జాన్ బర్న్, టెర్రీ ఆస్టిన్ పేర్లు చెప్పక తప్పదు. 108వ సంచిక నుంచి బర్న్ గీశాడు, 1978లో పత్రిక నెలనెలా రావడం మొదలైంది. క్లేర్‌మాంట్ మాటలు ఎక్కువ రాస్తాడు. ఆ మాటలన్నీ బొమ్మల మీద పడకుండా చేత్తో అందంగా ఇమిడ్చిన టామ్ ఒర్జెకావ్‌స్కీకి దక్కాల్సిన పేరు దక్కలేదని నా ఫిర్యాదు. అయితే ఆ కథలు నిలబడ్డానికి ఇంకో కారణం ఉంది.

బ్రూక్లిన్‌లో ఫిల్ స్యూలింగ్ అని స్కూలు మాస్టారు ఉండేవాడు. కామిక్స్ సంబరాలు జరిపేవాడు. 1970ల మొదట్లో ప్రచురణకర్తల దగ్గరికి వెళ్లి ఒక బేరం పెట్టాడు: నాకు కమిషన్ ఎక్కువివ్వండి, మిగిలినవి వెనక్కి పంపను. రిటర్నులు లేని బేరం! సర్క్యులేషన్‌లో పనిచేసినవాళ్లకి ఈ మాట చెవిలో పడితే ఎలా ఉంటుందో మిగతావాళ్లకి చెప్పలేను. ఆ బేరం మీదే కామిక్స్ ఒక్కటే అమ్మే కొట్లు వెలిశాయి. 1980ల మొదటి ఎక్స్‌మెన్ కవర్లు రెండు పక్కపక్కన పెట్టి చూస్తే ఈ చరిత్ర కళ్లెదుట కనబడుతుంది. ఎడమ కింది మూలన తెల్లని డబ్బా. స్టాళ్లకి వెళ్లిన కాపీలో ఆ డబ్బాలో బార్‌కోడు గీతలు. కామిక్స్ కొట్లకి వెళ్లిన కాపీలో గీతల చోట స్పైడర్‌మ్యాన్ మొహం. ఒకటి వెనక్కి రావచ్చు, రెండోది రాకూడదు. ఏది ఎక్కణ్నుంచి వచ్చిందో తెలియడానికి పెట్టుకున్న గుర్తు అది.

స్టాండులో ఈ నెల దొరికిన పత్రిక వచ్చే నెల దొరుకుతుందన్న పూచీ ఉండేది కాదు. అందుకే పాత కామిక్స్‌లో కథ ఏ నెలకానెల ముగిసేది. కామిక్స్ కొట్టువాడు మాత్రం ఖాతాదారు పేరు రాసుకుని పుస్తకం పక్కన పెట్టి ఉంచుతాడు. అందువల్ల క్లేర్‌మాంట్ ఒక సంచికలో చిన్న ముడి వేసి ఏడాది తర్వాత విప్పగలిగాడు. మన వారపత్రికల సీరియళ్లు నడిచింది ఈ పద్ధతి మీదే. వారం తప్పకుండా పత్రిక ఇంటికొస్తుందన్న నమ్మకం లేకపోతే ‘సశేషం’ అన్న మాటకి విలువే లేదు.

1980లో 137వ సంచిక ఆ నమ్మకానికి పెద్ద పరీక్ష. జీన్ గ్రే అనే అమ్మాయి ఫీనిక్స్‌గా మారి, అంతకుముందు సంచికల్లో ఒక నక్షత్రాన్ని ఆర్పేసి, ఒక గ్రహంలోని జనాన్నంతా చంపేస్తుంది. ఆమె శక్తులు పీకేసి ఇంటికి పంపేద్దామని రచయితలు ముగింపు గీసి సిద్ధం చేశారు. ఎడిటర్ ఇన్ చీఫ్ జిమ్ షూటర్ ఒప్పుకోలేదు. కోట్లమందిని చంపిన మనిషిని ఊరికే వదలడమేమిటన్నాడు. గీసిన పేజీలు పక్కన పడేసి, ఆమె చచ్చిపోయేలా మళ్లీ గీశారు. మొదటి ముగింపుని 1984లో విడిగా అచ్చేసి అమ్ముకున్నారు కూడా. షూటర్‌ని తిట్టేవాళ్లు చాలామంది. నా మటుకు ఆయన చేసింది సబబే అనిపిస్తుంది. ఎడిటరన్నవాడు అప్పుడప్పుడు ఆ మాట అనాలి. ఇక కామిక్స్ కొట్ల సత్తా ఎంతో చూడండి: 130వ సంచికలో పుట్టిన డాజ్లర్ అనే పాత్రకి 1981లో సొంత పత్రిక పెట్టి మొదటి సంచికని కామిక్స్ కొట్లలో మాత్రమే అమ్మితే 4 లక్షలు దాటింది.

1991 అక్టోబరు తేదీతో, జిమ్ లీ బొమ్మలతో ‘ఎక్స్‌మెన్’ అని ఇంకో పత్రిక మొదటి సంచిక తెచ్చారు. అయిదు కవర్లు. నాలుగు పక్కపక్కన పెడితే ఒకే బొమ్మ అవుతుంది. అయిదోది మడత విప్పితే ఆ బొమ్మంతా నున్నటి కాగితం మీద. మొత్తం 81 లక్షల కాపీలు. గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది. మేనల్లుడు ఈ అంకె గర్వంగా చెబితే నేను అడిగిన ప్రశ్న ఒకటే: కొన్నదెవరు? అది కొట్లవాళ్లు తెప్పించుకున్న లెక్క. చదివినవాళ్ల లెక్క కాదు. వెనక్కి పంపే వీల్లేదు కాబట్టి మిగిలినదంతా కొట్టువాడి నెత్తినే. స్యూలింగ్ మాస్టారి బేరంలో తేనె పూసిన భాగం అయిపోయి కత్తి భాగం వచ్చింది. రేపు ధర పెరుగుతుందని ఒక్కొక్కరు అయిదేసి కొని ప్లాస్టిక్ సంచిలో దాచారు. అందరూ దాచిన వస్తువుకి ధరెక్కడిది? కొన్నేళ్లలో కొట్లు వరసగా మూతపడ్డాయి, 1996 డిసెంబరులో మార్వెల్ దివాలా పిటిషన్ వేసింది. పదహారేళ్లు పత్రికని మోసిన క్లేర్‌మాంట్ ఆ కొత్త పత్రిక మూడో సంచికతోనే వెళ్లిపోయాడు. జిమ్ లీ మరికొందరితో కలిసి ఇమేజ్ కామిక్స్ పెట్టుకున్నాడు.

దివాలా నుంచి కంపెనీని చేజిక్కించుకున్నది టాయ్ బిజ్ అనే బొమ్మల కంపెనీ. అప్పట్లో అమెరికాలో మనుషుల రూపంలో ఉన్న బొమ్మలకి దిగుమతి సుంకం 12 శాతం, మనుషులు కానివాటికి 6.8 శాతం ఉండేది. ఎక్స్‌మెన్ మనుషులు కారని ఆ కంపెనీ కోర్టులో వాదించి 2003లో గెలిచింది. నలభయ్యేళ్లుగా ఆ కామిక్‌లో ప్రతి సంచికా వీళ్లూ మనుషులేనని మొత్తుకుంటూ వచ్చింది.

మొదటి పత్రిక, ‘అన్‌కేనీ ఎక్స్‌మెన్’ పేరుతో, 2011లో 544వ సంచికతో ఆగింది. ఆగలేదు కూడా. వెంటనే 1 అని అంకె వేసి మళ్లీ మొదలుపెట్టారు. తర్వాత 2013లో మళ్లీ 1, 2016లో 1, 2018లో 1, 2024 ఆగస్టులో గెయిల్ సిమోన్ రాసినదానికీ 1. 48 ఏళ్లలో ఒక్కసారి ఒకటో నంబరు వేసిన పత్రిక పదమూడేళ్లలో అయిదుసార్లు వేసింది. కారణం మేనల్లుడు తీసుకెళ్లిన కొట్లో తెలిసింది. ఒకటో సంచికకి కొట్లు ఎక్కువ కాపీలు చెబుతాయి, రెండోదానికి తగ్గిస్తాయి, ఇరవై దాటాక ఆశ వదులుకుంటాయి. మిగిలినవి ఏం చేస్తావని కొట్టతన్ని అడిగాను. గోడ వార ‘ఏదైనా డాలరే’ అన్న పెట్టె చూపించాడు.