రేసు కారుకు బిరుసు ఎక్కడి నుంచి వచ్చింది?

రాయికల్ మండలంలో యాసంగి వడ్లు కాంటా అయ్యే రోజుల్లో జగిత్యాల రోడ్డు మీది లారీలను గమనిస్తే సస్పెన్షన్ పాఠం సగం అయిపోయినట్టే. ఖాళీగా వచ్చే లారీ స్పీడ్‌బ్రేకర్ ఎక్కిందంటే వెనుక భాగం ఎగిరి దబీమని పడుతుంది. అదే లారీ బస్తాలు నింపుకుని మిల్లుకు పోయేటప్పుడు ఆ గడ్డనే నిబ్బరంగా దాటుతుంది. కమాన్ కట్ట, అంటే ఉక్కు పట్టీలు పేర్చిన స్ప్రింగు, అదే, దాని మీది బరువే వేరు. టన్నుల కొద్దీ మోయడానికి పేర్చిన పట్టీలు ఖాళీ బండికి మరీ బిరుసైపోతాయి. ఎంత బరువుకు, ఎలాంటి దారికి, ఎంత వేగానికి అన్నది తేలకుండా ఏ స్ప్రింగునూ మంచిదనో చెడ్డదనో అనలేం. రేసు కార్లవాళ్లకు ఇది తలకెక్కడానికి దాదాపు నలభై ఏళ్లు పట్టింది.

స్ప్రింగును ఎంత సాగదీస్తే అంత బలంగా వెనక్కి లాగుతుందన్న సూత్రాన్ని రాబర్ట్ హుక్ 1678లోనే అచ్చువేశాడు. 1804లో ఇంగ్లండులో ఒబాడయా ఇలియట్ గుర్రబ్బండ్ల కోసం ఉక్కు పట్టీల కమాన్లకు పేటెంటు తీసుకున్నాడు. ఆ కమానే తర్వాత మోటారు కారు కిందికి, అక్కణ్నుంచి రేసు కారు కిందికి చేరింది. మలుపులో బండి ఒరగకూడదని తొలినాటి రేసు కార్లకు పట్టీలు గట్టిగా బిగించేవారు. స్ప్రింగు కదలకపోతే గుంత దెబ్బ ఎక్కడికి పోవాలి? ఛాసిస్‌కు పోయేది. ఇనుప చట్రమే మెలితిరిగేది. స్ప్రింగు చెయ్యాల్సిన పని చట్రం చేసేదన్నమాట, అదీ ఎవరి అదుపులోనూ లేకుండా.

ఈ చిక్కుముడి విప్పినవాడు రుడోల్ఫ్ ఊలెన్‌హౌట్. 1936లో మెర్సిడెస్ బెంజ్ కార్లు వరుసగా ఓడిపోతుంటే, కంపెనీ కొత్తగా పెట్టిన రేసు విభాగాన్ని ముప్ఫై ఏళ్ల ఈ ఇంజినీరు చేతిలో పెట్టింది. ఆయన డ్రైవర్లను అడిగి ఊరుకోలేదు. నూర్బుర్గ్‌రింగ్ ట్రాక్‌పై తానే స్టీరింగ్ పట్టి, బండి ఎక్కడ గెంతుతోందో, ఎక్కడ మెలితిరుగుతోందో చూసుకున్నాడు. 1937లో వచ్చిన డబ్ల్యూ 125లో లెక్క తలకిందులైంది. చట్రం గట్టిపడింది, స్ప్రింగులు మెత్తబడ్డాయి, చక్రం పైకీ కిందికీ ఆడే జాగా పెరిగింది. ఆ ఊగును పట్టి ఆపే పని హైడ్రాలిక్ షాకబ్సర్లకు అప్పగించారు. ఆ ఏడాది యూరోపియన్ చాంపియన్‌షిప్ ఆ కారుతోనే రుడోల్ఫ్ కరచియోలా గెలిచాడు. నా మట్టుకు రేసు సస్పెన్షన్ చరిత్ర ఇక్కణ్నుంచే మొదలు, అంతకు ముందున్నది బండ్ల చరిత్ర.

మలుపులో జరిగేదేమిటో ఒక లెక్క వేసి చూద్దాం. 800 కిలోల కారు. బరువు కేంద్రం నేలకు 30 సెంటీమీటర్ల ఎత్తులో ఉంది, ఎడమ కుడి చక్రాల మధ్య ఎడం మీటరున్నర. భూమ్యాకర్షణకు రెండింతల బలంతో మలుపు తిరిగితే, లోపలి చక్రాల మీది నుంచి 320 కిలోల భారం బయటి చక్రాల మీదికి మారుతుంది. స్ప్రింగులు మెత్తనివైనా బిరుసువైనా ఈ మొత్తం దాదాపు మారదు. ‘గట్టి స్ప్రింగేస్తే బరువు మీదికి రాదు’ అనేది వట్టి భ్రమ. స్ప్రింగుల చేతిలో ఉన్నదల్లా పంపకం. ముందు భాగం బిరుసుగా ఉంటే ఆ 320లో ఎక్కువ వాటా ముందు టైర్లు మోస్తాయి. టైరు మీద భారం రెట్టింపైతే పట్టు రెట్టింపు కాదు, తక్కువే పెరుగుతుంది. అందుకే ముందు పట్టు తగ్గి, స్టీరింగ్ తిప్పినా ముక్కు తిరగదు. దీన్నే అండర్‌స్టీర్ అంటారు. వెనుక భాగం బిరుసైతే తోక జారుతుంది, అది ఓవర్‌స్టీర్. రేసుకు ముందు మెకానిక్‌లు మలుపులో ఒరుగును ఆపే యాంటీ రోల్ బార్ ఒక మెట్టు బిగించడం, వదలడం ఈ పంపకం కోసమే.

మళ్లీ బిరుసును తెచ్చింది గాలి. 1977లో లోటస్ 78, ఆ మరుసటి ఏడు లోటస్ 79 కారు అడుగునే రెక్కలా మలిచి నేలకు అతుక్కున్నాయి. పక్కల అంచుల్లా వేలాడే స్కర్టులు నేలను వదలకూడదు, కారు అడుగు లేవకూడదు. నేలకూ అడుగుకూ మధ్య సందు కాస్త మారినా కిందికి లాగే బలం మారిపోతుంది. దాంతో స్ప్రింగులు బండరాళ్లయ్యాయి, డ్రైవర్ల నడుములు విరిగాయి. లోటస్ 1983లో కంప్యూటరుతో నడిచే యాక్టివ్ సస్పెన్షన్‌ను రేసుకు తెచ్చింది. 1987లో అయర్టన్ సెన్నా దానితోనే మొనాకో, డెట్రాయిట్ రేసులు గెలిచాడు. 1994కు అది నిషేధం. 2022లో అడుగున సొరంగాలున్న కార్లు తిరిగొచ్చాయి, నడుం నొప్పీ తిరిగొచ్చింది. ఆ ఏడు బాకూ రేసయ్యాక లూయిస్ హామిల్టన్ నడుం పట్టుకుని కారు దిగడం చాలామంది టీవీలో చూసే ఉంటారు.

మన రాష్ట్రంలోనూ ఈ విద్య 2023 ఫిబ్రవరి 11న కనిపించింది. హుస్సేన్‌సాగర్ ఒడ్డున 2.83 కిలోమీటర్ల వీధి ట్రాక్‌పై ఫార్ములా ఈ పోటీ జరిగింది, జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. ఆ విద్యుత్ కార్లను గాలి కిందికి నొక్కే బలం తక్కువ. ఎండకూ వానకూ ఒకే గాడుల టైరు. పైగా మామూలు రోజుల్లో బస్సులూ ఆటోలూ తిరిగే రోడ్డు. అలాంటిచోట చక్రం నేలను వదలకుండా చూసుకునే స్ప్రింగు కావాలి కానీ బండరాయి కాదు. మరుసటి ఏడు జరగాల్సిన పోటీ రద్దయింది.

సొంత కారు కూడా రేసు కారులా కిందికి దిగి కనిపించాలని స్ప్రింగు చుట్లు కోయించేవాళ్లున్నారు. ఎనిమిది చుట్లలో రెండు కోస్తే మిగిలినది మూడో వంతు ఎక్కువ బిరుసవుతుంది. షాకబ్సరు మాత్రం పాత స్ప్రింగుకు తగినదే. గడ్డ దాటాక కారు రెండు మూడుసార్లు గెంతుతుంది. గెంతినంతసేపూ టైరుకు రోడ్డు మీద పట్టుండదు, బ్రేకుకూ స్టీరింగుకూ పని ఉండదు. కోరుట్ల దాకా పోయొస్తే వీపుకు కూడా తెలుస్తుంది.