చెట్టుకు నంబరు, ఎక్కేవాడికి మోకు

కల్లుగీత మీద గత నూటయాభై ఏళ్ళలో వచ్చిన చట్టాలను, వాటి కింద పుట్టిన రూల్సును, జీవోలను వరసపెట్టి చదివితే ఒక సంగతి పట్టుబడుతుంది. చెట్టు గురించి వాటిలో లేని మాట లేదు. అది తాడా, ఈతా, జీలుగా, ఎవరి పట్టాలో ఉంది, ఎన్నో నంబరు వేశారు, ఎంతకాలం గీయొచ్చు, దాని కల్లు ఏ దుకాణానికి పోవాలి, సర్కారుకు ఎంత కట్టాలి, అన్నీ ఉంటాయి. అదే చెట్టు మీద అరవై డెబ్బై అడుగుల ఎత్తున, మోకు మీద ఒరిగి, ఒక చేత్తో గెల పట్టుకుని రెండో చేత్తో కత్తి ఆడించే మనిషి గురించి మాత్రం, లైసెన్సు షరతులు తీసేస్తే, చాలాకాలం పాటు పెద్దగా ఏమీ కనబడదు. ఇదేదో రాసినవాళ్ళ మరుపు అనుకుంటే పొరపాటు. ఆబ్కారీ అనే ఏర్పాటు పుట్టుకలోనే ఈ గుణం ఉంది. రాబడి చెట్టు దగ్గర పుడుతుంది కాబట్టి రాజ్యం వెళ్ళి చెట్టు కింద కూర్చుంది. ఎక్కేవాణ్ణి అతని మానాన అతన్ని వదిలేసింది. పనిముట్లు అతనివి, కూలి అతనిది, జారితే విరిగే నడుమూ అతనిదే. చెట్టు, ధర, దుకాణం మాత్రం ఎప్పుడూ ఇంకొకరి చేతిలోనే ఉన్నాయి. స్వయం ఉపాధి అని ఇవాళ మనం గౌరవంగా పిలుస్తున్నది గీత పనిలో ఇలా తయారైంది.

ముందు ఆ పనిముట్లేమిటో చూడాలి. ఎందుకంటే ఇక్కడ పెట్టుబడి అంటే అదే. నడుము వెనక నుంచి చెట్టు చుట్టూ తిరిగి వచ్చే మోకు మొదటిది. తాటినారతోనో తోలుతోనో పేనిన ఈ బంధమే గాలిలో అతనికి కుర్చీ. పాదాల దగ్గర మాను మీద పట్టు ఇచ్చేందుకు వేసుకునే బంధం గుజి. నడుముకు కట్టుకునే ముస్తాదులో కత్తులు, వాటిని నూరుకునే సరంజామా ఉంటాయి. గీత కత్తికి బ్లేడంత పదును ఉండాలి. గెల కొసను రోజూ తీసే చెక్కు కాగితమంత పల్చగా ఉంటేనే ధార సాగుతుంది. మందంగా కోస్తే గెల తొందరగా అరిగిపోతుంది, మొద్దు కత్తితో కోస్తే ధార ఆగిపోతుంది. అందుకే గీతగాడి రోజులో నూరుడుకు కూడా కొంత పొద్దు పోతుంది. పోతుతాడు గెలను గీసినట్టు పండుతాడు గెలను గీస్తే కల్లు రాదు. ఈత చెట్టు దారి పూర్తిగా వేరు. దానికి గెల జోలికి పోరు, మొవ్వు కింద మెత్తటి మానునే చెక్కుతారు, ఒక ఏడు ఒక పక్క, మరుసటి ఏడు ఎదుటి పక్క. పాత ఈత చెట్టు వంకరటింకరగా కనబడేది అందుకే. దాని మీది గంట్లు లెక్కపెడితే ఎన్నేళ్ళు గీశారో చెప్పవచ్చు. ఇక గెలకు తగిలించే లొట్టి. దాని లోపల సున్నం పూస్తే రసం పులవక నీరాగా ఉంటుంది, పూయకపోతే కల్లవుతుంది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఎక్కి తీరాలి. కొన్నాళ్ళు మానేస్తే గెల ఎండిపోతుంది, ఆ చెట్టు మీద ఆ ఏటి సంపాదన పోయినట్టే. జ్వరం వచ్చినా వాన పడినా చెట్టు ఎదురుచూడదు. వానకు నానిన మాను మీదికి కూడా ఎందుకు ఎక్కుతారు అని అడిగేవాళ్ళకు జవాబు ఇందులోనే ఉంది.

ఇంత నేర్పున్న పనిని రాజ్యం ఎలా చూసింది? కంపెనీ కాలం నుంచీ మద్రాసు ప్రెసిడెన్సీలో కల్లు, సారా హక్కులను ఇజారాకు వేలం వేసేవారు. ఇజారాదారు సర్కారుకు మొత్తం కట్టి, కిందివాళ్ళ దగ్గర రాబట్టుకునేవాడు. 1879లో గోదావరి ఏజెన్సీలో రేగిన రంప పితూరీకి ఉన్న కారణాల్లో ముఖ్యమైనది ఇదే. కొండ ఊళ్ళలో తాడి, జీలుగు కల్లు ఇంటి వాడకం సరుకు, అంబలి లాగ. దాని మీదికి ఆబ్కారీ నిబంధన వచ్చిపడింది. దానికి తోడు రంప మన్సబుదారు కల్లు మీద చిగురుపన్ను వసూలు చేశాడు, ఇజారాదారుల మనుషులు వచ్చిపడ్డారు. తన ఇంటి పక్క చెట్టును తాను ఎక్కినందుకు పన్ను కట్టమంటే కొండవాళ్ళు తిరగబడ్డారు. ప్రభుత్వం సైన్యాన్ని దించి పితూరీని అణచింది గాని చెట్టు మీద లెక్క పెట్టడం మానలేదు. 1886 మద్రాసు ఆబ్కారీ చట్టం తర్వాతి కాలంలో ఇజారా స్థానంలోకి చెట్టు పన్ను పద్ధతి మెల్లమెల్లగా వచ్చింది. గీసే ప్రతి చెట్టుకూ గుర్తు వేయాలి, గుర్తు లేని చెట్టు గీస్తే నేరం. పాలనాపరంగా ఇది మెరుగైన పద్ధతేనని ఒప్పుకోవాలి. ఇజారాదారు ఇష్టారాజ్యం తగ్గింది, కట్టాల్సింది ఎంతో ముందే తెలిసింది. కానీ లెక్కలో ఎక్కింది చెట్టు. మనిషి ఆ చెట్టు తాలూకు పన్ను మోసుకొచ్చేవాడుగానే మిగిలాడు.

నైజాంలో సంగతి ఇంకా ముదురు. అక్కడ ఆబ్కారీ ఖజానాకు వచ్చే పెద్ద రాబడుల్లో ఒకటి, దానికి ఫసలీ 1316లో, అంటే 1906-07లో, విడిగా చట్టమే వచ్చింది. వేలంలో పాట పాడిన గుత్తేదార్లు ఊళ్ళకు ఊళ్ళను చేతిలో పెట్టుకున్నారు. గౌండ్లాయన తన చేత్తో కట్టిన లొట్టిలోని కల్లును గుత్తేదారు చెప్పిన ధరకే పోయాలి. దొర పట్టాలో చెట్టయితే ఆ లెక్క వేరే. 1947లో స్టేట్ కాంగ్రెస్ సత్యాగ్రహం సాగించినప్పుడు కార్యకర్తలు తాడి, ఈత చెట్లను నరికారు. నిజాం రాబడికి గండి కొట్టడం ఉద్దేశం. రాజకీయంగా అది పదునైన దెబ్బే. అయితే ఒకటి గమనించాలి. సర్కారును ఎదిరించినవాళ్ళు కూడా ఆ చెట్టులో సర్కారు ఖజానానే చూశారు. దాని మీద రెండు పూటలా ఎక్కి దిగే మనిషి బతుకు వాళ్ళ లెక్కలోకీ రాలేదు. పదీ పదిహేనేళ్ళు పెరిగితే తప్ప గీతకు రాని తాడిచెట్టు ఒక పూట గొడ్డలికి పోయింది.

ఈ వాదనకు అన్నిటికంటే గట్టి సాక్ష్యం మద్యనిషేధమే. రాజాజీ ప్రభుత్వం 1937లో సేలంలో మొదలుపెట్టి మరుసటి ఏడు చిత్తూరు, కడప జిల్లాలకు నిషేధాన్ని తెచ్చింది. ఆబ్కారీ రాబడి పోతుందని ముందే తెలుసు కాబట్టి ఖజానా లోటు పూడ్చడానికి 1939లో అమ్మకపు పన్ను చట్టం చేశారు. ఇవాళ మనం కట్టే పన్నులకు దాని వారసత్వం ఉంది. అదే సమయంలో గీతగాడికి దొరికింది సున్నం పూసిన లొట్టి కట్టి నీరా తీయమని, తాటిబెల్లం వండుకోమని సలహా. బెల్లం వండడానికి వంటచెరకు కావాలి, ఇంటిల్లిపాదీ పొయ్యి దగ్గర కూర్చోవాలి, ఆపైన బెల్లానికి వచ్చే ధర కల్లు ధరకు సాటి రాదు. ఖజానా నష్టానికి చట్టం, మనిషి నష్టానికి సలహా. స్వాతంత్ర్యం తర్వాత నిషేధం ప్రెసిడెన్సీ అంతటా పరుచుకుంది. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేనాటికి గీత కులాలు, శ్రీకాకుళం నుంచి రాయలసీమ దాకా, శెట్టిబలిజలు, యాతలు, ఈడిగలు, గౌడలు రోడ్డెక్కి ఉన్నారు. వాళ్ళకు నాయకుడు గౌతు లచ్చన్న, అప్పటి ప్రభుత్వం ప్రకాశంది. 1954 నవంబరులో మద్యనిషేధం వ్యవహారం మీద వచ్చిన అవిశ్వాసంలో ఆ ప్రభుత్వం ఒక్క ఓటు తేడాతో కూలింది. మోకు కట్టుకునే మనిషి రాష్ట్ర రాజకీయాల్లో అంత ఎత్తుకు ఎక్కిన సందర్భం మరొకటి లేదు. అప్పుడు కూడా చర్చంతా కల్లు ఉండాలా వద్దా అన్నదాని చుట్టూనే తిరిగింది. ఉంటే ఎక్కేవాడి భద్రత ఎవరిది అన్న ప్రశ్న సభ దాకా వెళ్ళలేదు.

ఈ వాదనకు ఒక గట్టి అభ్యంతరం ఉంది. తెలంగాణలో బొమ్మగాని ధర్మభిక్షం వంటివారు గీత పనివారల సంఘాలు కట్టి గుత్తేదారీ మీద పోరాడారు, గీసేవాడికే చెట్టు దక్కాలన్నారు. ఆ ఒత్తిడితోనే సహకార సంఘాలు వచ్చాయి. 1968 ఎక్సైజ్ చట్టం కింద సొసైటీలకు, ఆ తర్వాత టీఎఫ్‌టీ (ట్రీ ఫర్ ట్యాపర్) పద్ధతిలో విడివిడిగా గీతగాళ్ళకు కూడా లైసెన్సులు దక్కాయి. తెలంగాణ వచ్చాక చెట్టు పన్నే రద్దయింది. మరి మనిషిని పట్టించుకోలేదని ఎలా అంటావు అని ఎవరైనా అడగవచ్చు. నిజమే, గుత్తేదారు పోవడం చిన్న విషయం కాదు, చాలా ఊళ్ళలో అదే పెద్ద విముక్తి. కానీ సొసైటీకి దక్కింది ఏమిటి? చెట్లు గీసే, కల్లు అమ్మే హక్కు. గుత్తేదారు కూర్చున్న కుర్చీలో సభ్యులు కూర్చున్నారు, కుర్చీ ఆకారం మారలేదు. సంఘానికి ఎన్ని చెట్లున్నాయన్నదే ఇప్పటికీ లెక్క. అందులో ఎంతమంది నిజంగా మోకు కడుతున్నారు, ఎంతమంది పేరుకు సభ్యులు అన్నది ఊరందరికీ తెలిసిన సంగతే అయినా కాగితం మీద తేడా ఉండదు. పైగా సభ్యులందరూ యజమానులే కాబట్టి చెట్టు మీది నుంచి పడినవాడికి బాధ్యత వహించే యజమాని చట్టం దృష్టిలో ఎవరూ ఉండరు. కార్మికుల నష్టపరిహార చట్టం తలుపు తట్టాలన్నా ఎదుట ఒక యజమాని ఉండాలి కదా.

మరో అభ్యంతరం కల్తీ. చెట్ల మీద కాపలా లేకపోతే మందు కల్లు ఊళ్ళను ముంచేస్తుందని ఎక్సైజ్ వాళ్ళంటారు. క్లోరల్ హైడ్రేట్, డైజిపాం, అల్ప్రాజోలం కలిపిన కల్లు తాగి జనం ఆసుపత్రి పాలైన వార్తలు మనకు కొత్త కాదు. అయితే ఈ కల్తీ పుట్టేది చెట్టు మీద కాదు, చెట్టు లేనిచోట. చెట్లు నరికి ప్లాట్లు వేసిన చుట్టుపక్కల కూడా దుకాణాల్లో కల్లు తరగడం లేదంటే, రిజిస్టరులో నంబర్లుగా బతికున్న చెట్లే వాటికి కవచం. మనిషిని, అతని రోజువారీ గీతను, అతను దించిన లొట్లను లెక్కలోకి తెచ్చివుంటే ఈ తేడా ఏనాడో బయటపడేది. నియంత్రణ వద్దనడం నా ఉద్దేశం కాదు. తప్పు వస్తువును నియంత్రించారన్నదే మాట.

ఇంకో దారి లేదా అంటే పక్కనే ఉంది. కేరళలో గీతగాడు సాధారణంగా షాపు లైసెన్సీ దగ్గర పనిచేసే కార్మికుడు. అక్కడ 1969లోనే కల్లు కార్మికుల సంక్షేమనిధి చట్టం చేశారు. యజమాని వాటా, కార్మికుడి వాటా, ప్రావిడెంట్ ఫండ్, గ్రాట్యుటీ, అన్నీ ఆ చట్టంలో ఉన్నాయి. కేరళ గీతగాళ్ళు సుఖంగా ఉన్నారని అనను, అక్కడా కొత్తతరం చెట్టెక్కడం తగ్గింది. అక్కడి కూలీ పద్ధతిని మనకు అరువు తెచ్చుకోమనడమూ కాదు, సొంత చెట్టు, సొంత కత్తి అన్న స్వేచ్ఛకు మన ఊళ్ళలో విలువుంది. కానీ చట్టం మొదటి పేజీలో మనిషిని పెడితే ఏమవుతుందో చూపడానికి ఆ ఉదాహరణ చాలు. ఇటు తమిళనాడు 1987 నుంచి కల్లునే నిషేధించింది, సీసా మద్యం మాత్రం సర్కారే అమ్ముతుంది. చెట్టు నుంచి కన్నా సీసా నుంచి వచ్చే రాబడి సులువన్నమాట. మన దగ్గర కూడా, తెలంగాణలో, 2021లో మద్యం దుకాణాల్లో గౌడలకు 15 శాతం రిజర్వేషన్ ఇచ్చారు. కులానికి అది వ్యాపార అవకాశం. చెట్టు ఎక్కేవాడికి దానితో వచ్చేదేమీ లేదు, దరఖాస్తు రుసుము కట్టగలిగినవాడు మోకు పట్టేవాడు అయ్యే అవకాశం తక్కువ.

పడి చనిపోయినవారికి, శాశ్వతంగా వికలాంగులైనవారికి ఎక్స్‌గ్రేషియా ఉంది. అది పడ్డాక వచ్చే డబ్బు. పడకముందు కోసం మొదటిసారి గట్టిగా జరిగిన ప్రయత్నం 2024 జులైలో రంగారెడ్డి జిల్లా లష్కర్‌గూడలో ప్రారంభించిన కాటమయ్య రక్షక కవచం. గీత కులాల దేవుడి పేరు పెట్టిన ఈ కిట్టులో నడుముకు బెల్టు, తాళ్ళు, కాళ్ళకు పట్టు ఇచ్చే లూపులు ఉంటాయి. పట్టు తప్పినా మనిషి కిందికి రాకుండా చెట్టుకే వేలాడతాడు. నూటయాభై ఏళ్ళ తర్వాత సర్కారు మొదటిసారి చెట్టు మీదున్నవాడి నడుము చుట్టుకొలత అడిగింది. అయినా చాలామంది పాత మోకే నయమంటున్నారు. దీన్ని మూఢత్వమని కొట్టేయడం సులభం, లెక్క వేస్తే వేరే కనబడుతుంది. కిట్టు బిగించి ఎక్కడానికి ఒక్కో చెట్టుకు రెండు నిమిషాలు ఎక్కువ పడుతుందనుకుందాం. పదిహేను చెట్లు రెండు పూటలా ఎక్కేవాడికి అది రోజుకు ఒక గంట. ఆ గంటలో రెండు మూడు చెట్లు వదులుకోవాలి, వదిలిన చెట్టు గెల ఎండిపోతుంది. ఆ నష్టాన్ని కల్లు ధరలో కలుపుకుందామంటే ఊళ్ళో గిరాకీ ఊరుకోదు, సొసైటీ భరించాలంటే దాని ఖాతాలో ఆ పద్దే లేదు. కాబట్టి కిట్టు ఉచితంగా ఇచ్చినా దాని అసలు ఖర్చు ఇంకా గీతగాడి జేబు నుంచే పోతోంది. చెట్టు పన్ను రద్దయినట్టే ఆ గంటకు వెల కట్టే పద్దు ఒకటి ఎక్సైజ్ రిజిస్టరులో తెరవాలంటే, ముందు అందులో చెట్టు నంబరు పక్కన దాన్ని ఎక్కేవాడి పేరు, వయసు, ఎన్ని చెట్లు ఎక్కుతున్నాడన్నది రాసుకోవాల్సి ఉంటుంది.