మార్గమును తెలుపు వార్త

ప్రయాణము చేయువానికి మార్గము కావలెను, వాహనము కావలెను. ఈ రెండింటితోపాటు మూడవది యొకటి కావలెను. అది వార్త. ఏ దారి తెరచియున్నది, ఏ బండి ఎప్పుడు బయలుదేరును, దిగినచోట మరియొక బండి దొరకునా లేదా అను సంగతి తెలియనిచో మార్గమును వాహనమును ఉండియు లేనట్లే. రహదారుల చరిత్ర వ్రాసినవారు కలరు, రైళ్ల చరిత్ర వ్రాసినవారు కలరు. ఈ వార్త యొక్క చరిత్ర మాత్రము అంతగా వినబడదు. వార్త వంతెనవలె కంటికి కనబడునది కాదు గదా!

తెలుగున ఈ చరిత్రకు చక్కని ఆరంభము కలదు. చెన్నపట్టణపు సుప్రీముకోర్టులో ద్విభాషిగా నుండిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18వ తేదీన సపరివారముగా కాశీయాత్రకు బయలుదేరి, 1831 సెప్టెంబరు 3వ తేదీన మరల పట్టణము చేరెను. ఆ పదునైదు మాసములును తాను చూచిన విశేషములను మిత్రుడైన కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్లకు వ్రాయుచు వచ్చెను. అవియే 1838లో 'కాశీయాత్ర చరిత్ర'గా అచ్చుపడినవి. అందు క్షేత్రములు, ఆచారములు మాత్రమే కాదు. మజిలీకి మజిలీకి నడుమ దూరమెంత, దారి ఎట్టిది, బసకు చోటెక్కడ, నీరెట్టిది, అంగళ్లలో ఏమి దొరకును అను సంగతులును ఉన్నవి. వెనుక రాబోవు యాత్రికునకు అక్కరకు వచ్చు వార్తలివి. ఒక్కచేతి వ్రాత గనుక ఆ వార్తలో అతుకులు లేవు.

రైలు వచ్చిన పిమ్మట ఒక్కని కలము చాలకపోయెను. రైలునకు వేళల పట్టిక కావలెను. పట్టికకు ముందు అందరికిని ఒకే గడియారము కావలెను. ఏ ఊరి సూర్యుడు ఆ ఊరికే పొద్దు తెలుపుచున్నంతకాలము పట్టికకు అర్థము లేదు. అందుచేత 1792లో చెన్నపట్టణమున వెలసిన నక్షత్రశాల తెలుపు వేళను పందొమ్మిదవ శతాబ్ది ఉత్తరార్ధమున మన దేశపు రైళ్లు పెక్కు అనుసరించినవి. 1906 జనవరి 1వ తేదీ నుండి 82½ డిగ్రీల రేఖాంశమును బట్టి దేశమంతకును ఒక్కవేళ ఏర్పడెను. మన కాకినాడకు చేరువగా పోవు రేఖ అదియే. ఆ వేళ చెన్నపట్టణపు వేళకు సుమారు 9 నిమిషములు ముందు. అయినను కలకత్తా 1948 వరకు, బొంబాయి 1955 వరకు తమ పాతవేళలను వదలలేదు. నిమిషములను లెక్కించుటకు గణితము చాలినది. అందరిచేతను ఒప్పించుటకు అర్ధశతాబ్ది పట్టినది. ఈ చరిత్రలో మున్ముందు మరల మరల కనబడు సంగతి యిదియే.

రైలు దిగినవానికి పిమ్మట బస్సు కావలసివచ్చెను. 1932లో హైదరాబాదు సంస్థానమున నిజాం రైల్వేవారే బస్సులను నడుపబూనిరి. నాడు ఆ శాఖకు ఉన్నవి 27 బస్సులు, 166 మంది ఉద్యోగులు. రైలును బస్సును ఒక్క యాజమాన్యము క్రింద నుంచుట ఆ కాలమున విశేషమైన ఏర్పాటు. అయితే అది చిరకాలము నిలువలేదు. రైల్వే 1950లో కేంద్ర ప్రభుత్వమునకు సంక్రమించెను. బస్సులశాఖ 1951లో రాష్ట్రప్రభుత్వమున చేరెను. 1958లో ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర రోడ్డు రవాణా సంస్థ ఏర్పడెను. రెండును తమతమ త్రోవల పెరిగినవి. కాని ప్రయాణికుడు మాత్రము రెండుగా చీలలేదు. రైలు దిగి బస్సెక్కువాడు ఒక్కడే.

ఈ చిక్కు మనకు మాత్రమే వచ్చినది కాదు. అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతము చుట్టును 9 కౌంటీలు కలవు. బస్సులు, రైళ్లు, పడవలు నడుపు సంస్థలు అచట ఇరువదికి పైబడినవి. రహదారులు రాష్ట్రశాఖ చేతిలోనివి. వానిపై ప్రమాదముల సంగతి మొదట తెలియునది పోలీసులకు. వీరందరికిని నడుమ సమన్వయము కుదుర్చుటకు 1970లో ఒక మహానగర రవాణా సంఘము ఏర్పడెను. 1996లో 'ట్రావిన్ఫో' అను పేర ఆ ప్రాంతపు రహదారుల వార్తను, బస్సు రైళ్ల వార్తను టెలిఫోనులో ఒక్కచోట వినిపించు ప్రయత్నము మొదలయ్యెను. 2000 జూలైలో అమెరికా ప్రభుత్వపు కమ్యూనికేషన్ల కమిషను దేశమంతట ప్రయాణవార్త కొరకు 511 అను సంఖ్యను ప్రత్యేకించెను. 2002 డిసెంబరునుండి అఖాతప్రాంతమున ఆ సంఖ్య పనిచేయసాగెను.

దాని పనితీరు కొంత తెలిసికొందము. రోడ్డు క్రింద పాతిన తీగచుట్టలపై బండి పోవునపుడు దాని జాడ యంత్రమునకు తెలియును. సుంకపు వంతెనలకై బండ్లలో పెట్టుకొను చిన్న పరికరమును దారిప్రక్క గ్రాహకములు గుర్తించి, ఒక చోటినుండి వేరొక చోటికి ఎన్ని నిమిషములు పట్టినదో లెక్కకట్టెడివి. పోలీసులు ప్రమాదమును తెలుపుదురు. బస్సు సంస్థలు తమ వేళలను పంపుదురు. అన్నియు ఒక్కచోట చేరి, అడిగినవానికి ఒక్క జవాబుగా వెలువడును. ఇందు తీగచుట్ట గొప్పది కాదు. ఇన్ని సంస్థలు తమ పుస్తకములను ఒకరికొకరు తెరచి చూపుట గొప్ప.

తరువాతి మెట్టు 2005లో కనబడినది. పోర్ట్‌లాండు నగరపు రవాణాసంస్థ గూగుల్ సంస్థతో కలిసి తన వేళలను ఒక నియతమైన రూపమున ప్రకటించెను. ఆ రూపము మిక్కిలి సామాన్యము: బస్సు ఆగు చోట్లకు ఒక పట్టిక, మార్గములకు ఒకటి, సర్వీసులకు ఒకటి, ఏ చోటికి ఎన్ని గంటలకు వచ్చునో దానికి వేరొకటి. రహస్యమేమియు లేదు. అందుచేతనే ప్రపంచమందలి నగరములు పెక్కు దానిని స్వీకరించినవి. రైళ్లకు ఒక గడియారమెట్లో, ఈ వార్తలకు ఆ పట్టిక అట్లు.

ఇక మన హైదరాబాదు మాట. 2003లో రైల్వేవారును రాష్ట్రప్రభుత్వమును కలిసి ఎం.ఎం.టి.ఎస్. రైళ్లను ఆరంభించిరి. 2017 నవంబరులో మెట్రో వచ్చెను. వీనిని బస్సులతో సమన్వయించుటకై ఒక ఏకీకృత రవాణా ప్రాధికార సంస్థ 2008 నాటికే ఏర్పడెను. రైలువార్తకు 139 అను సంఖ్య కలదు. బస్సు ఎక్కడున్నదో చేతిఫోనులో చూపు ఏర్పాటును తెలంగాణ రోడ్డు రవాణా సంస్థ 2023లో చేసెను. ఎవరి వార్త వారు చక్కగా చెప్పుటలో మనము వెనుకబడి లేము. అయితే వరంగల్లునుండి రాత్రిరైలులో సికింద్రాబాదున దిగిన వృద్ధురాలు అడుగునది రైలువార్త కాదు, బస్సువార్తయు కాదు. "ఆసుపత్రికి పోవలెను నాయనా, ఎట్లు పోవలెను?" అని ఆమె అడుగును. రైలు ఆలస్యమైనచో ఆఖరి బస్సు ఉండునా? వానకు దారి మునిగినచో మెట్రో దగ్గరా? ఒక్క ప్రశ్నకు మూడు శాఖలలో మూడు జవాబులున్నను ఆమెకు జవాబు లేనట్లే. డబ్బున్నవాడు కారు పిలిపించుకొనును. లేనివాడు ప్లాట్‌ఫారము మీదనే తెల్లవార్చును. వార్తలోని అతుకు చివరకు బీదవాని మీదనే పడుచున్నది.

మరియొక సంగతి. ఆ వృద్ధురాలి చేత ఫోను ఉండవచ్చును, అందలి అక్షరము కంటికి ఆనకపోవచ్చును. కావున వార్త తెరమీది అక్షరముగా నిలిచిన చాలదు. తెలుగున మాటగా పలుకవలెను. మాటతో ఇల్లిల్లు చేరుట యెట్లో రేడియో వినువారికి వేరుగ చెప్పనక్కరలేదు.

నాడు వీరాస్వామయ్య ఒక్కడే వ్రాసెను గనుక ఆ వార్త అఖండముగా నుండెను. నేడు మనకు నడుపువారు పెక్కుమంది. వారందరును ఒక్క పుస్తకమున వ్రాయుటకు ఒప్పుకొన్ననాడు, రాత్రివేళ దిగిన వృద్ధురాలు ఒక్కమారు అడిగి, ఒక్క జవాబు విని, తన దారిని తాను పోగలదు.