5,80,297లో మేము

1991 నవంబరులో నంద్యాల పార్లమెంటు స్థానానికి ఉపఎన్నిక జరిగినప్పుడు మాకు ఓట్లు లేవు. నందికొట్కూరులో పొద్దున మౌల్వీసాబు దగ్గర సిపారా, పగలు బడిలో పలక పట్టుకుని తిరిగే ఏడెనిమిదేళ్ల పిల్లలం. ఎన్నికంటే మాకు బడికి సెలవు. మేము కూచునే గదిలోనే ఎవరో కొత్త అయ్యవార్లు పెట్టె పెట్టుకుని కూచున్నారు. మా నానీ బురఖా ముసుగు పైకెత్తి పేరు చెప్పింది. జాబితాలో ఆ పేరు ఇంకోలా ఉంది. మన పేర్లు ఓటర్ల జాబితాలో సరిగా పడింది ఎప్పుడు కనుక! మొత్తానికి ఒప్పుకున్నారు. ఇంటికొచ్చాక గోరింటాకు ఎర్రదనం పక్కన ఆ నల్ల గీతను మేమంతా పట్టి పట్టి చూశాం. మాకూ పూయించుకోవాలని ఉండింది.

ఎవరికి వేశావని అడిగితే, "అప్‌నాచ్ ఆద్మీ హై రే" అంది. మనవాడే.

ఆ మాట వెనక చాలా చరిత్ర ఉందని మాకప్పుడు తెలియదు. ఆ ఏడు మేలో రాజీవ్ గాంధీ హత్య జరిగింది. ఎన్నికల్లో నిలబడకుండా పక్కకు తప్పుకున్న పి.వి. నరసింహారావు జూన్ 21న ప్రధాని అయ్యారు. ఆరు నెలల్లోగా పార్లమెంటు సభ్యుడు కావాలి. నంద్యాలలో గెలిచిన గంగుల ప్రతాపరెడ్డి రాజీనామా చేసి చోటిచ్చారు. తెలుగువాడు ప్రధాని అయ్యాడని ఎన్టీ రామారావు తెలుగుదేశం అభ్యర్థినే పెట్టలేదు. పి.వి.కి 6,26,241 ఓట్లు వచ్చాయి. బీజేపీ తరఫున నిలబడ్డ బంగారు లక్ష్మణ్‌కు 45,944. తేడా 5,80,297. గిన్నిస్ బుక్కుకెక్కిందని పెద్దలు చెప్పుకుంటుంటే, అందులో మా నానీ ఓటు కూడా ఉందని మేము బడిలో గొప్పలు పోయాం.

మన పెద్దలకు వేరే లెక్కలు లేవని కాదు. 1990లో అద్వానీ రథయాత్ర చూశారు. ఆ డిసెంబరులో హైదరాబాద్ అల్లర్లలో ఎంతమంది పోయారో విన్నారు. ఎదుట నిలబడింది బీజేపీ. ఇటు చూస్తే ఉర్దూ, ఫార్సీ వచ్చిన మనిషి, నిజాం రాజ్యంలో పుట్టి పెరిగినవాడు. పైగా తెలుగువాడు. 1947 ఆగస్టు 15న ఏ ప్రార్థనాస్థలం ఎలా ఉందో అలాగే ఉండాలని చట్టం చేసింది ఆయన ప్రభుత్వమే, ఆ ఉపఎన్నికకు రెండు నెలల ముందు. ఆ చట్టం నుంచి అయోధ్యను మినహాయించిన సంగతి మన మహల్లాల్లో ఎంతమందికి తెలుసు?

ఒక మాట ఇక్కడ చెప్పాలి. మనల్ని ఓటుబ్యాంకు అంటారు. నంద్యాలలో ఆ రోజు రెడ్లు, బోయలు, మాలమాదిగలు, దూదేకులవాళ్లు, షేకులు, సయ్యదులు ఎక్కువమంది ఒకే గుర్తు మీద ముద్ర వేశారు. మిగతా అందరి ఓటూ తెలుగు ఓటు అయింది. మనది మాత్రం ముస్లిం ఓటుగానే ఎందుకు మిగలాలి? నానీ అన్న "మనవాడే"లో రెండూ ఉన్నాయి. విడదీసి చూడాల్సిన అవసరం ఆమెకు రాలేదు, అప్పటికి.

1992 డిసెంబరు 6 ఆదివారం. ఇంట్లో రేడియో చుట్టూ పెద్దవాళ్లు చేరారు. బీబీసీ ఉర్దూ వార్తలు. ఎవరూ మాట్లాడలేదు. మమ్మల్ని వీధిలోకి పోనివ్వలేదు. అయోధ్య ఎక్కడుందో మాకు తెలియదు కానీ మసీదంటే తెలుసు, ప్రధానమంత్రి ఎవరో తెలుసు. మా మెంబరు కదా! అందుకే మేము అడిగేశాం: "నానీ, నువ్వు ఓటేసినాయనే కదా ఆపాల్సింది?" అబ్బా గదిమాడు. నానీ తన వేలి వైపు చూసుకుంది. సిరా గీత ఎప్పుడో పోయింది. మర్నాడు బడిలో పక్కనే కూచునే పిల్లవాడు, "మీ మసీదు పోయిందంట కదా" అన్నాడు. వాడి గొంతులో ద్వేషం లేదు. అయినా మాకు ఆ "మీ" కొత్తగా వినబడింది. ఏడాది కిందట మేమిద్దరం కలిసే చెయ్యి గుర్తు కాగితాలు ఏరుకున్నాం.

మసీదును మళ్లీ కట్టిస్తామని కేంద్రం చెప్పింది. లిబర్‌హాన్ కమిషన్‌ను పది రోజుల్లోనే వేశారు, నివేదిక 2009లో వచ్చింది. మసీదు కూల్చడం చట్ట ఉల్లంఘనే అని 2019 నవంబరులో సుప్రీంకోర్టు చెప్పి, ఆ స్థలం గుడికే ఇచ్చింది.

1996లో పి.వి. మళ్లీ నంద్యాలకే వచ్చారు. గెలిచారు కూడా, కానీ ఆధిక్యం లక్షకు లోపే. ఒడిశాలోని బరంపురంలోనూ గెలిచి, అదే ఉంచుకుని నంద్యాల వదిలేశారు. 5,80,297 నుంచి లక్ష లోపుకు దిగిపోయిన తేడాలో తెలుగుదేశం పోటీలోకి రావడం పెద్ద కారణం, మసీదొక్కటే కాదు. అయినా అందులో మన మహల్లాల వంతు ఎంతో ఏ లెక్కా చెప్పదు.

ఆ రోజు ఓటు చీటీ నానీకి మేమే తెచ్చిచ్చాం. తలగడ కింద పెట్టుకుంది. మధ్యాహ్నం జీపు వచ్చి పిలిచినా కదల్లేదు. అసర్ నమాజు అయ్యాక బురఖా తొడుక్కుని ఒంటరిగా బడి వైపు నడిచింది. ఎవరికి వేశావని ఈసారి మేము అడగలేదు. ఆమె చెప్పలేదు.